తమ్ముడి సీరం

ఆ ల్యాబ్‌లో ఆయన్ని అందరూ సీరమాయన అనేవారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ దాంతో ఎవరికీ పని పడేది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే ఆస్పత్రి, ఒకే అంతస్తు, ఒకే కిటికీ. ఆ కిటికీ పక్కన నిలబడి జనం రక్తంలో కొవ్వులు కొలవడం తప్ప ఇంకో పని ఎరగడు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరన్నా అడిగితే, "తీరిక దొరకలేదండీ" అనేవాడు. తీరికేమిటి, నా మొహం. రెండు పూటలా తమ్ముడింట్లో భోజనం, ఆదివారం మధ్యాహ్నం తమ్ముడింట్లో కునుకు, తమ్ముడి కూతురు చిన్నప్పుడు ఆడిన గుర్రం ఆటంతా ఈయన వీపు మీదే. ఆ ఇల్లే తన ఇల్లనుకున్నాడు. వేరే ఇల్లు కావాలని ఆయనకి తోచలేదు, అంతే.

రక్తం గడ్డకట్టాక ట్యూబుని మెషిన్‌లో పెట్టి గిరగిరా తిప్పితే ఎరుపంతా అడుక్కి దిగి పైన పసుపుపచ్చ నీరు తేలుతుంది. దాన్నే సీరం అంటారు. మనవాడు ఆ ట్యూబుని కిటికీ వెలుగుకి పట్టి ఒక్క చూపు చూసేవాడు. తేటగా ఉంటే సరే. పాలు కలిపినట్టు తెల్లగా ఉందంటే మాత్రం, "ఈ పెద్దమనిషి పొద్దున్నే సుష్టుగా లాగించి వచ్చి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదని మనకి చెప్పాడు" అనేవాడు. బయట బెంచీ మీద కూర్చున్నాయన్ని అడిగితే, "ఏదో కొంచెం... ఇంట్లోవాళ్లు బలవంతం చేస్తేనూ" అని నసిగేవాడు. ల్యాబంతా నవ్వేది. కంటిచూపుతోనే మనిషి గుట్టు లాగేస్తాడని సీరమాయనకి పేరు. ఆ పేరంటే ఆయనకి లోలోపల మహా ఇష్టం.

ఆయన చేరిన కొత్తలో పెద్ద మెషిన్లు లేవు, అన్నీ చేత్తోనే. సీరంలో ఒక మందు కలిపితే చెడ్డ కొలెస్ట్రాల్‌ని మోసుకు తిరిగే రేణువులన్నీ ముద్దకట్టి, తెల్లటి మడ్డిలా అడుక్కి దిగేవి. పైన మిగిలిన తేటలో మంచి కొలెస్ట్రాల్ ఉంటుంది. అడుగు కదలకుండా ఆ తేటని పీల్చి, రంగు వచ్చే ద్రవం కలిపి, ఆ రంగు ఎంత చిక్కగా ఉందో చూసి లెక్క కట్టాలి. చెయ్యి కాస్త వణికితే చాలు, అడుగున ఉన్నది పైకి లేచి లెక్కంతా తలకిందులయ్యేది. ఇక చెడ్డ కొలెస్ట్రాల్ సంగతి చెప్తే మీరు నవ్వుతారు. దాన్ని నేరుగా ఎవరూ కొలిచేవారు కాదు. మొత్తంలోంచి మంచిది తీసేసి, ట్రైగ్లిజరైడ్లు అనే ఇంకో కొవ్వులో ఐదో వంతు తీసేసి, మిగిలిందాన్ని చెడ్డది అనుకునేవారు. ఆ అంకె చూసే డాక్టర్లు మాత్రలు రాసేవారు. "ఇంట్లో వస్తువు పోతే, ఒక్కొక్కణ్ణీ తప్పించి, చివరికి మిగిలినవాడే దొంగ అన్నట్టు" అనేవాడు సీరమాయన. అనేవాడే కానీ ఆ లెక్కని ఆయన నమ్మినట్టు ఇంకెవరూ నమ్మలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ల్యాబుల్లో ఒక నియమం ఉంది. పొద్దున్నే రోగుల రక్తం ముట్టుకునే ముందు, అంకెలు ముందే తెలిసిన సీరం ఒకటి మెషిన్‌కి ఇచ్చి చూడాలి. దాన్ని కంట్రోల్ అంటారు. తెలిసిన అంకే వస్తే మెషిన్ బుద్ధిగా ఉన్నట్టు. అప్పుడు గోడ మీద గ్రాఫు కాగితంలో ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్క రెండు గీతల మధ్య పడితే ఆ రోజు పని మొదలుపెట్టొచ్చు. ఈ కంట్రోల్ సీసాలు కంపెనీవాళ్లు పంపేవారు. పంపేవారంటే, మంచులో రావలసినవి దారిలో వేడెక్కి, పాడై చేరేవి. ఫోన్ చేస్తే ఇదిగో అదిగో అనేవారు. చూసి చూసి సీరమాయనకి విసుగెత్తింది. "ఎందుకండీ ఈ తంటా, ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం మనమే తీసి, చిన్న చిన్న సీసాల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకుంటే పోలా?" అన్నాడు. ల్యాబుకి పెద్ద అయిన డాక్టరమ్మ ఆలోచించి సరేనంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎవరని అడిగింది. ఎవరేమిటి, మా తమ్ముడున్నాడు కదా అన్నాడు ఈయన.

తమ్ముడు కరెంటు మీటర్లు చదివే ఉద్యోగి. పొద్దస్తమానం నడకే. వీధులు, మేడలు, మెట్లు, కుక్కలు, "ఈ నెల ఇంత ఎలా వచ్చింది" అని మీద పడే ఇంటివాళ్లు. బక్కపల్చగా ఉండేవాడు. సిగరెట్ ఎరగడు, మందు ఎరగడు, గట్టిగా మాట్లాడటం కూడా ఎరగడు. ఆరు నెలలకోసారి ల్యాబుకొచ్చి, చొక్కా చెయ్యి మడిచి, అన్న ముందు కూర్చునేవాడు. "ఊరందరి మీటర్లూ నేను చదువుతా, నా మీటరు మా అన్నయ్య చదువుతాడు" అనేవాడు నర్సులతో. టెక్నీషియన్లు అతనికి కంట్రోల్ అని పేరు పెట్టేశారు. "కంట్రోల్ వచ్చాడు, టీ చెప్పండి" అనేవారు. అతని అంకెలు ల్యాబులో అందరికీ కంఠతా వచ్చు. మొత్తం నూట డెబ్బై రెండు, మంచిది యాభై ఒకటి, చెడ్డది సరిగ్గా నూరు. పదకొండేళ్లు ఆ అంకెలు పెద్దగా కదల్లేదు. కొత్తగా చేరిన పిల్లలకి సీరమాయన గోడ మీద చుక్కల వరస చూపించి, "మనిషంటే ఇలా ఉండాలి" అనేవాడు. చూపించేది మెషిన్ నడక, పొగిడేది తమ్ముణ్ణి.

ఒక ఆదివారం భోజనాల దగ్గర తమ్ముడు ఎడమ భుజం రుద్దుకుంటూ కూర్చున్నాడు. "అన్నయ్యా, ఈమధ్య మూడో అంతస్తు ఎక్కేసరికి దవడ దగ్గర లాగుతోంది. ఛాతీ మీద ఎవరో చెయ్యి ఆనించినట్టుంటోంది. కాసేపు ఆగితే పోతోంది. గుండె డాక్టరుకి చూపించుకోనా?" అన్నాడు.

సీరమాయన పళ్లెంలోంచి తల కూడా ఎత్తలేదు. "నీ గుండె సంగతి నీకంటే నాకు బాగా తెలుసురా. రోజూ పొద్దున్నే నీ రక్తంతోనే మెషిన్ సరిచూసుకుంటున్నా. ఊళ్లో అందరికీ రోగం వచ్చాక నీకొస్తుంది. రోజంతా మెడ పైకెత్తి మీటర్లు చూస్తావు, నరం పట్టేసి ఉంటుంది. వేడినీళ్ల కాపడం పెట్టుకో."

"అంతేనంటావా?"

"అంతే."

మరదలు అప్పుడే మంచినీళ్ల గ్లాసులు పెట్టి వంటింట్లోకి వెళ్తోంది. ఆమె విన్నది.

ఇక్కడికొచ్చేసరికి నాకు ఒళ్లు మండిపోతుంది. మెట్లెక్కితే వచ్చి, ఆగితే పోయే నొప్పి ఏమిటో ఆ ఆస్పత్రిలో గేటు దగ్గర చీటీలు రాసే మనిషిక్కూడా తెలుసు. ఆ మాటే ఇంకెవరన్నా చెప్పి ఉంటే సీరమాయన చెయ్యి కూడా కడుక్కోకుండా రెక్క పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లేవాడు. తమ్ముడు కాబట్టి ఈడ్చుకెళ్లలేదు. ప్రేమ లేక కాదు. తమ్ముడి రక్తం ఆయనకి మంచికీ చెడుకీ కొలబద్ద అయిపోయింది. దాన్ని ఇంకో దానితో కొలవాలన్న ఊహే రాలేదు. ప్రపంచంలో ఇలాంటి తప్పు ల్యాబు మనిషి తప్ప ఇంకొకడు చెయ్యలేడు.

ఇరవై మూడు రోజులకి, ఒక మేడ కింద మీటర్ల బోర్డు ముందు తమ్ముడు గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. పై వాటావాళ్లు చూసి, కునుకు తీస్తున్నాడనుకున్నారట. అప్పటికి అతనికి నలభై ఆరేళ్లు.

వారం తర్వాత సీరమాయన పనిలోకి వచ్చాడు. పొద్దున ఏడున్నర, ఇంకా ఎవరూ రాలేదు. అలవాటు చొప్పున ఫ్రీజర్ తెరిచాడు. తమ్ముడి సీరం సీసాలు అరవై ఒకటి వరసగా ఉన్నాయి. ఒకటి తీశాడు. గుప్పిట్లో పెట్టుకుని కరిగించాడు, ఎప్పుడూ చేసే పనే. మెషిన్‌కిచ్చాడు. నూట డెబ్బై ఒకటి, యాభై ఒకటి, తొంభై తొమ్మిది. చుక్క రెండు గీతల మధ్య పడింది. మనిషి లేడు, మనిషి అంకెలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని ముక్కు కారేదాకా ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని రోగుల ట్యూబులు మెషిన్‌లోకి ఎక్కించాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కంపెనీ సీసాలు ఇప్పుడు బాగానే చేరుతున్నాయి, అవి వాడుకుందామని డాక్టరమ్మ మెల్లగా అంది. "ఉన్నవి కానివ్వండమ్మా" అన్నాడు. ఐదు మిగిలాయనగా ఆయనకే చెయ్యి ఆడలేదు. ఆ ఐదూ ఒక డబ్బాలో పెట్టి, ఫ్రీజర్ అట్టడుగుకి నెట్టేశాడు.

తమ్ముడింటికి వెళ్లడం మానలేదు. మానితే ఎక్కడికి వెళ్తాడు? మరదలు ఎప్పట్లాగే వడ్డించేది. ఒకరోజు వడ్డించాక గిన్నె కింద పెట్టి అక్కడే నిలబడింది.

"మిమ్మల్నొక మాట అడగనా బావగారూ. పదకొండేళ్లు ఆయన రక్తం రోజూ చూశారు. ఒక్కరోజైనా అందులో ఏమీ కనిపించలేదా?"

"లేదమ్మా."

"మీరు అంతే అన్నారు. ఆయన సరే అన్నారు. నేను ఆ రోజు కాపడానికి నీళ్లు కూడా కాచాను." గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఆయనకి అనిపించింది. పళ్లెం ముందు తలొంచుకుని, కలిపిన అన్నమే మళ్లీ కలుపుతూ కూర్చున్నాడు.

మరో ఎనిమిది నెలలకి ల్యాబుకి కొత్త పరీక్ష వచ్చింది. లైపోప్రోటీన్ ఎ అంటారు. చెడ్డ కొలెస్ట్రాల్ మోసే రేణువుకే ఒక పొడుగాటి తోక తగిలించినట్టు ఉంటుందట ఇది. ఆ తోకని గుర్తుపట్టే మందు కలిపితే రేణువులు గుంపు కట్టి ద్రవం మసకబారుతుంది. ఎంత మసకబారితే అంత ఎక్కువ ఉన్నట్టు. ముప్పై లోపు ఉంటే దిగుల్లేదు, యాభై దాటితే గుండెకి చేటు. ఇన్నేళ్లూ చేసిన పరీక్షల్లో ఇది విడిగా కనపడదు. ఇది మోసే కొలెస్ట్రాల్ కూడా ఆ తీసివేతల్లో మిగిలిన చెడ్డదాంట్లోనే కలిసిపోయి కూర్చుంటుంది. డాక్టరమ్మ ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి చెప్తుంటే సీరమాయన చూపు బొమ్మ మీద లేదు. ఫ్రీజర్ మీద ఉంది.

కొత్త పరీక్ష చెయ్యి తిరగడానికి ఇరవై నమూనాలు చేసి చూడమన్నారు. పంతొమ్మిది రోగులవి తీసుకున్నాడు. ఇరవయ్యోది అట్టడుగు డబ్బాలోంచి తీశాడు. రోగులవి ఎనిమిది, పద్నాలుగు, ముప్పై ఒకటి, అలా వచ్చాయి. తమ్ముడిది నూట అరవై నాలుగు. ఇంకో సీసా కరిగించి మళ్లీ చేశాడు. నూట అరవై రెండు.

పదకొండేళ్లూ అది ఆ సీసాల్లోనే ఉంది. రోజూ ఆయన గుప్పిట్లోనే కరిగింది.

డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఇది పుట్టుకతో వచ్చేదండీ. తల్లి నుంచో, తండ్రి నుంచో. తిండి తగ్గించినా, నడిచినా తగ్గదు. దీన్ని తగ్గించే మందు ఇంకా మనదాకా రాలేదు" అంది.

"మరి కొలిచి ఏం లాభమండీ?"

"మిగతావన్నీ అదుపులో పెట్టుకోవచ్చు. బీపీ, షుగరు, బరువు, చెడ్డ కొలెస్ట్రాలూ..."

"మా వాడికి మిగతావన్నీ అదుపులోనే ఉన్నాయి కదండీ. గోడ మీద కాగితాలున్నాయి, చూడండి."

ఆమె చూడలేదు. ఆయన తన రక్తం కూడా తీసుకుని పరీక్ష చేసుకున్నాడు. తొమ్మిది. ఒకే అమ్మ, ఒకే నాన్న, తనకి తొమ్మిది, వాడికి నూట అరవై నాలుగు. పనికిరాని ఒంటరి ప్రాణానికి తొమ్మిది అనుకున్నాడు. నాన్న నలభై ఎనిమిదో ఏట చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ పడిపోయిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏదో గాలి సోకి పోయాడన్నారు పెద్దవాళ్లు, ఈయనా అలాగే నమ్మాడు. ఇంత చదువూ చదివి నమ్మాడు.

నాన్న, తమ్ముడు. తర్వాత ఎవరు? తమ్ముడి కూతురు అమ్మలు. ఇరవై నాలుగేళ్లది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేస్తుంది. దానికి మూడేళ్ల కూతురు, అందరికీ బుడ్డది. తల్లీబిడ్డలిద్దరూ తమ్ముడింట్లోనే ఉంటారు. తండ్రికుంటే బిడ్డకి వచ్చే అవకాశం సగం. సగమంటే ఇటో అటో. సీరమాయన నాలుగు రోజులు ఆ సగాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగి, ఐదో రోజు తమ్ముడింట్లో నోరు విప్పాడు.

మరదలు ఆఖరిదాకా విని ఒకటే అడిగింది. "మందు లేదంటున్నారు. మరి దానికెందుకు చెప్పడం బావగారూ? ఆయనకి తెలీదు, నవ్వుతూ తిరిగారు. ఇదీ తిరగనివ్వండి."

గుమ్మంలో నిలబడి అంతా విన్న అమ్మలు మాత్రం, "నాకు చెయ్యి పెదనాన్నా. పేజీలో తప్పుందని తెలిసి, ఎక్కడుందో తెలీకపోతే నాకు అన్నం సయించదు" అంది. మర్నాడే పిల్లని చంకనేసుకుని ల్యాబుకొచ్చింది. తండ్రి కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, చెయ్యి చాపింది. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఆయన సూది నరం తప్పింది. "ఏం పర్లేదు, మళ్లీ గుచ్చు" అంది అమ్మలు, ఆయన్ని ఊరడిస్తున్నట్టు.

మెషిన్ అంకె ఇవ్వలేదు. తన కొలతకి మించి ఉందని గుర్తు చూపించి ఊరుకుంది. అలాంటప్పుడు సీరాన్ని సెలైన్‌తో పల్చన చేసి, వచ్చినదాన్ని హెచ్చవేసుకోవాలి. చేశాడు. చేతిలెక్క తప్పిందేమోనని మళ్లీ చేశాడు. తప్పవ్వాలని మూడోసారి చేశాడు. మూడుసార్లూ రెండు వందల పన్నెండుకి అటూ ఇటూ వచ్చింది. ఒక్క క్షణం, ఇరవై ఒకటి అని రాసిచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది అనిపించింది. మరదలు అడిగింది అదే కదా. కలం తీశాడు, పెట్టేశాడు. పోయినసారి తను ఏమీ లేదన్నందుకే కదా ఒక మనిషి పోయాడు.

వరండాలో బెంచీ మీద అమ్మలు కూర్చుని ఉంది. బుడ్డది పక్కనే ట్యూబుల మూతలు వరసగా పేర్చుకుంటోంది. ఈయన నడిచొచ్చే తీరు చూసే అమ్మలు కాస్త సర్దుకుని కూర్చుంది.

"ఎంత?"

"రెండు వందల పన్నెండు."

"నాన్నకి?"

"నూట అరవై నాలుగు."

అమ్మలు వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంది. "నూట అరవై నాలుగుకి నాన్న నలభై ఆరేళ్లు ఉన్నారు. మరి నాకు..."

"అలా లెక్క కట్టకూడదమ్మలూ."

"మరెలా కట్టాలి?"

బతుకంతా కూడికలూ తీసివేతలూ చేసిన మనిషికి ఒక్క లెక్కా అందలేదు. గుండె డాక్టరుకి చూపించుకోవాలని, మాత్రలు వేసుకోవాలని, కాస్త నొప్పి అనిపించినా దాచకూడదని, ఇంత ఉన్నా ఎనభై ఏళ్లు బతికినవాళ్లు ఉన్నారని గడగడా చెప్పుకుపోయాడు. అమ్మలు అన్నిటికీ తలూపింది. ఆయన మాట మెల్లగా బుడ్డదాని మీదికి మళ్లింది. "దీనిది కూడా ఒకసారి..." అంటూ ఆగాడు.

"వద్దు" అంది అమ్మలు. "దీని రక్తం మాత్రం చూడకు పెదనాన్నా. రేపు ఇది పరిగెత్తి ఆయాసపడినా నాకు అంకే కనిపిస్తుంది. దీనికి లేదనుకోడానికి నాకింకా సగం ఉంది కదా. ఆ సగం నాకుంచు. చూడనని ఒట్టెయ్యి."

"చూడను తల్లీ, ఒట్టు" అన్నాడు.

ఆ మాట మీద ఐదు నెలలు నిలబడ్డాడు. ఆరో నెల్లో బుడ్డదానికి జ్వరం వచ్చి, నాలుగు రోజులు తగ్గలేదు. అదే ఆస్పత్రిలో పిల్లల వార్డులో చేర్చారు. జ్వరానికి చెయ్యాల్సిన రక్తపరీక్షలు రాశారు. చిన్న ట్యూబు, మీద బుడ్డదాని అసలు పేరు, తిన్నగా సీరమాయన బల్ల మీదికే వచ్చింది. రాసిన పరీక్షలు చేసి పంపాడు. జ్వరం తగ్గింది, పిల్ల ఇంటికెళ్లింది. ట్యూబు అడుగున నాలుగు చుక్కల సీరం మిగిలింది. మిగిలిన రక్తాన్ని ఏడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి పారెయ్యాలని నియమం.

ఆరు రోజులు ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ ఆ ట్యూబుని పక్కకి జరిపి తన పని చూసుకున్నాడు. ఏడో రోజు పొద్దున ఆయనలో ఒక లెక్క మొదలైంది. చూస్తే తప్పేముంది? బాగుంటే పరిగెత్తుకెళ్లి చెప్తాను, ఒట్టు తప్పినందుకు అమ్మలు నాలుగు తిట్టి, కన్నీళ్లు తుడుచుకుని నవ్వుతుంది. బాగోలేకపోతే నోరు మూసుకుంటాను, దాని సగం దానికుంటుంది. ఎలా చూసినా దానికి పోయేదేమీ లేదు. ఇంత చక్కటి లెక్క ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని కూడా అనుకున్నాడు, పిచ్చి మారాజు. పేరు వెయ్యకుండా, కంట్రోల్ అని రాసి మెషిన్‌లో పెట్టాడు.

నూట ఎనభై ఏడు.

ట్యూబుని ల్యాబు చెత్త వేసే ఎర్ర సంచిలో పడేశాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అదీ అందులోనే వేశాడు. ఆ రోజు ఎవరి సీరాన్నీ కిటికీకి పట్టి చూడలేదు. సాయంత్రం తమ్ముడింటికి వెళ్తే బుడ్డది, "పెద్దతాతా" అంటూ కాళ్లకి చుట్టుకుంది. ఎత్తుకున్నాడు. దాని ఛాతీ తన ఛాతీకి ఆనగానే గుండె టకటకా కొట్టుకోవడం తెలిసి, తట్టుకోలేక గబుక్కున కిందికి దింపేశాడు. ఆ తర్వాత వెళ్లినప్పుడల్లా పిల్లతో మామూలుగానే ఆడాడు. జోకులేశాడు, అడక్కుండానే ల్యాబు కబుర్లు చెప్పాడు. తన మొహంలో ఏమీ కనపడటం లేదని ఆయన నమ్మకం.

మూడు వారాలు పోయాక ఒక ఆదివారం, మరదలు వంటింట్లో ఉంది. బుడ్డది పక్కగదిలో నిద్రపోతోంది. అమ్మలు ఆరిన బట్టలు మడతపెడుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"దీనికి జ్వరం వచ్చినప్పుడు రక్తం మీ ల్యాబుకే వచ్చింది కదా పెదనాన్నా."

"ఆ, వచ్చింది. జ్వరం పరీక్షలు చేశాం."

"మిగిలింది వారం దాచి పారేస్తారు కదూ."

"పారేశాను."

"నువ్వే పారేశావా?"

"నేనే."

అమ్మలు పిల్ల గౌను ఒకటి మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది.

"నేను అడక్కూడదనే అనుకున్నాను. మూడు వారాల నుంచీ నువ్వొచ్చినప్పుడల్లా ఎదురుచూస్తున్నా. ఇవాళ చెప్తావేమో, రేపు చెప్తావేమో అని. నువ్వు చూడకుండా పారేసే మనిషివి కావు. బాగుండి ఉంటే ఆ రోజే ల్యాబు కోటు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చేవాడివి. వంద ఒట్లు వేయించుకున్నా ఆగేవాడివి కాదు."

చూడలేదమ్మా అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన ఒక్క క్షణం ఆలస్యం చేశాడు, ఆ క్షణంలో అమ్మలు తలెత్తి ఆయన మొహం చూసేసింది. లోపలి నుంచి మరదలు భోజనానికి లెమ్మని పిలిచింది.

అమ్మలు మడతపెట్టిన గౌనులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, వాటి మీద అరచెయ్యి ఆనించింది.

"అంకె మాత్రం చెప్పకు" అంది.

ఆయన చెప్పలేదు.